అక్క గడియారంలో ఎనిమిది

పరామర్శకు వెళ్ళినవాడు ఫొటో ముందు నిలబడి ఒక దణ్ణం పెట్టుకోవాలి. నేను మాత్రం గోడ గడియారం వంక చూసి, నా చేతి వాచీ చూసుకుని, కుర్చీ లాక్కుని ఎక్కబోయాను. ఆ గడియారం ఇరవై నిమిషాలు వెనక నడుస్తోంది. తప్పు టైము చూపించే గడియారం కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందులోనూ అది నేనిచ్చిన గడియారం. మందుల కంపెనీ వాళ్ళు పంచిపెట్టిన ప్లాస్టిక్ సరుకే గాని, ఇచ్చింది నేను.

"ముట్టకున్రి సార్," అన్నాడు చనిపోయినామె తమ్ముడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, ఆ మాట కాస్త గట్టిగానే అన్నాడు. "అది ఖరాబ్ గాలే. అక్క పెట్టిన టైమది."

నేను కుర్చీ దిగాను. అప్పుడు దణ్ణం పెట్టుకున్నాను.

ఆమె పోయి నాలుగు రోజులైంది. పొద్దున రోడ్డు ఊడ్చి వచ్చి, గడపలో కూర్చుని చాయ్ తాగుతూ పక్కకి ఒరిగిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్ళేంత టైము కూడా ఇవ్వలేదు. జీవితమంతా టైము గురించి నాతో గొడవపడిన మనిషి అలా పోవడం నాకు దుఃఖం కంటే ముందు కోపం తెప్పించింది. ఎవరి మీద అంటే చెప్పలేను. చాలావరకు నా మీదే.

సైదాబాద్‌లో మాది మందుల షాపు. మా నాన్న బందరు వైపు నుంచి సర్కారు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఫార్మసీ చదివి షాపు పెట్టాను. ఆమె మా వీధి ఊడ్చే మున్సిపాలిటీ మనిషి. నారింజ రంగు కోటు, తలకి గట్టిగా చుట్టిన తువ్వాలు, బొడ్డు దగ్గర దోపుకున్న చిన్న గుడ్డసంచి. షాపులోకి వచ్చేముందు మెట్టు మీద పడున్న కాగితాన్నో ఆకునో కాలితో పక్కకి నెట్టి గాని లోపలికి వచ్చేది కాదు. డ్యూటీ లేని రోజున కూడా అంతే. "ఇవాళ సెలవు కదా అక్కా," అంటే, "నాకు సెలవు. కాలుకు లేదు," అనేది.

మొదటిసారి తమ్ముడి చీటీ పట్టుకొచ్చినప్పుడే మాకు చెడింది. అతనికి ఫిట్స్. పెళ్ళి కాలేదు, అక్క దగ్గరే ఉంటాడు, సందు మొదట్లో ఇస్త్రీ బండి. పెద్దాసుపత్రి డాక్టర్ పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ రాశాడు. నేను కవరు మీద అదే రాసి ఇచ్చాను. ఆమె అక్కడే నిలబడి సంచిలోంచి అడకత్తెర తీసింది. వక్కలు కత్తిరించే అడకత్తెర! నా గాజు కౌంటర్ మీద ఒక గోలీ పెట్టి కటుక్కున సగానికి కోసింది.

"ఏం చేస్తున్నారు! గోలీలు అలా కొయ్యకూడదు," అని అరిచాను.

"నడుమ గీత పెట్టింది ఎవలు సారూ? కొయ్యమనే గదా పెట్టిన్రు."

నిజమే, ఆ గోలీకి మధ్యలో గీత ఉంది. "అయినా డాక్టర్ చెప్పింది ఒకటీ ఒకటీ కదా, సగం ఎందుకు?" అన్నాను.

"పొద్దుగాల సగం ఇస్త. మాపటికి ఒకటిన్నర ఇస్త. మొత్తం రెండే అయితయి. లెక్క తప్పలే."

"లెక్క సరిపోతే చాలా? ఎవరు చెప్పారు మీకు అలా ఇమ్మని?"

"ఎవలు చెప్తరు? రోజు సూస్తున్న గద. వానికి ఫిట్స్ ఎప్పుడొచ్చినా లేసినంక గంటల్నే వస్తయి. పగలంత ఏం గాదు. మబ్బులనే వానికి గండం. గందుకే రాత్రిది పెద్దగ ఇస్త."

ఆమె 'మబ్బుల' అంటే తెల్లారకముందు అని. ఆ మాట మీద ఆమెకి పూర్తి అధికారం ఉంది. ముప్పై ఏళ్ళుగా మబ్బుల లేచి రోడ్డు మీదికి వచ్చిన మనిషి. ఒకసారి నాకు పాఠం కూడా చెప్పింది.

"సారూ, మబ్బుల ఊకితే రోడ్డు రోడ్డు లెక్కుంటది. పది గంటలకు ఊకమను, ఎంత ఊకినా ఏం ఫాయిదా లేదు. దుకాన్లు తెరుస్తరు, లోపలిదంత బయటికి నూకుతనే ఉంటరు. గోలీ గూడ గంతే. పగటిపూట ఏస్తే తల దాన్ని బయటికి నూకుతది. రాత్రి తల పండుకుంటది, గోలీ లోపట నిలుస్తది."

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

అసలు నాకు చిరాకు పుట్టించింది సగం గోలీ కాదు. ఆమె వేళ. ఇంట్లో గడియారం లేదు, ఫోన్‌లో టైము చూడడం ఆమెకి అలవాటు లేదు. అజాన్‌ని బట్టి మందు ఇచ్చేది. ఇల్లు మసీదు వెనకాల. తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినబడగానే తమ్ముణ్ణి లేపి సగం గోలీ వేసి తాను చీపురు పట్టుకుని బయల్దేరేది. రాత్రి ఇషా అజాన్ వినబడగానే ఒకటిన్నర. ఆమె ఇంట్లో దేవుడి గూట్లో ఎల్లమ్మ పటం ఉంటుంది, ఏటా బోనం ఎత్తేది. మందు మాత్రం మసీదు పిలుపు మీద. ఆ వీధిలో అందులో వింతేమీ లేదు. ఒకసారి మసీదు మైకు చెడిపోతే, అజాన్ చెప్పే ముసలాయన రెండు రోజులు నమాజుకి ముందు ఆమె తలుపు తట్టి, "ఇషా హోగయా అమ్మా, గోలీ దే దో," అని చెప్పి వెళ్ళాడట.

"అజాన్ టైము రోజూ మారుతుందక్కా," అన్నాను. "ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి. గంట పైనే తేడా వస్తుంది. మందుకి టైమంటే టైమే."

"పొద్దు గూడ మారుతది గద సారూ. మనిషి పొద్దుతోని లేస్తడు, పొద్దుతోని పంటడు. వాని తలకాయ గూడ గంతే. మీ ఆంధ్రోళ్ళు గడియారం మింగి పుట్టినట్టున్నరు."

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకు తిక్క రేగింది. లోపలికి వెళ్ళి, అట్టపెట్టెలో మూలుగుతున్న ఈ గోడ గడియారం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "పొద్దున ఎనిమిదింటికి ఒకటి. రాత్రి ఎనిమిదింటికి ఒకటి. మొన్నటిలా సగాలూ ఒకటిన్నరలూ పెడితే ఇక నా షాపుకి రావద్దు. ఆ మనిషికి ఏమన్నా అయితే ఎవరు బాధ్యులు?" అన్నాను. అందరి ముందూ అన్నాను.

ఆమె గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సరే గడియారం సారూ," అంది. ఆ రోజు నుంచి నా పేరు అదే. ఆమె పెట్టిన పేరు వీధంతా పాకింది. నిన్నగాక మొన్న వచ్చిన పాలవాడు కూడా నన్ను గడియారం సార్ అనే అంటాడు.

చెప్పినట్టే చేసింది. అదే వచ్చిన చిక్కు. మొండికేసి ఉంటే బాగుండేది. మూడు వారాలు తిరక్కుండా ఒక పొద్దున, ఏడు గంటలకి, ఎనిమిది గంటల గోలీ ఇంకా కడుపులో పడకముందు, తమ్ముడు ఇస్త్రీ బండి దగ్గరే పడిపోయాడు. బొగ్గుల పెట్టె మోచేతి మీద పడింది. మోచేయి నుంచి మణికట్టు దాకా కాలింది.

కాలిన దానికి మలాము కోసం ఆమె నా షాపుకే వచ్చింది. నేను ట్యూబ్ ఇస్తూ, "మందు మానలేదు కదా?" అన్నాను. అదీ నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట.

"మానలే. మీరు చెప్పినట్టే ఇచ్చిన."

"మరి ఎందుకొచ్చింది?"

"నేను ముందే చెప్పిన సారూ. మీరు విన్లే."

అరిచి ఉంటే నేనూ అరిచి ఉండేవాణ్ణి. అరవలేదు. మెట్టు దిగుతూ అక్కడ పడున్న చాక్లెట్ కాగితం కాలితో పక్కకి నెట్టి వెళ్ళింది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ రెండు నిమిషాలు చూశాడట. "డోసు తప్పించారు," అని తీర్మానించి మందు పెంచాడు. తప్పించలేదు సారూ అని ఆమె చెబుతుంటే తరవాతి నంబరు పిలిచారు. పెంచిన మందుతో తమ్ముడు నిలబడి నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఇస్త్రీకి ఇచ్చిన చొక్కాలకి కాలర్లు మాడాయి. జనం బట్టలు వేరేచోట ఇచ్చుకున్నారు.

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చి ఒక కోరిక కోరింది. అన్నేళ్ళలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

"సారూ, ఒక కాయిదం మీద ఇంగ్లీషుల రాసియ్యున్రి. వీనికి మబ్బులనే వస్తయని, రాత్రి పెద్దది ఇస్తే మంచిగుంటున్నడని. నా మాట డాక్టర్ వింటలేడు. కాయిదం అయితే సదువుతడు గద."

మూడు వాక్యాలు. నాకు మూడు నిమిషాల పని. కానీ నేను, "మందుల షాపు వాణ్ణి, డాక్టర్‌కి చెప్పడానికి నేనెవర్నక్కా? నా లైసెన్సు మీదికొస్తుంది," అన్నాను. నిజం చెప్పాలంటే లైసెన్సు మీదికి ఏమీ రాదు. డాక్టర్‌కి కోపమొస్తుందని భయం. అంతకంటే, ఊడ్చే మనిషి చెప్పిన మాట కింద నా చేతిరాత ఉండడం నాకు నామోషీ. ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను.

ఆమె మళ్ళీ బతిమాలలేదు. పెంచిన మందు పక్కన పెట్టి తన పాత పద్ధతికి తాను వెళ్ళిపోయింది. నాకు తెలుసు. నెలకి ఎన్ని స్ట్రిప్పులు కొంటోందో చూస్తే తెలియదా? అలా ఎవరికి వారు మందు తగ్గించుకోవడం ప్రమాదం. ఎంతోమందిని అలా చేయొద్దని కేకలేసినవాణ్ణి. ఈమెని ఏమీ అనలేకపోయాను. డాక్టర్‌కి చెప్పనూ లేదు, ఆమెకి చెప్పనూ లేదు. గోడ మీద పిల్లిలా కూర్చుని గోలీలు అమ్ముకున్నాను.

ఆ తరవాత ఆ మనిషికి ఫిట్స్ మాయమయ్యాయని అబద్ధం ఆడను. తగ్గాయి. నెల తిరక్కుండా వచ్చేది ఏ మూడు నాలుగు నెలలకో ఒకటి అయింది. మళ్ళీ బండి పెట్టుకున్నాడు. అది వేళ మహిమో, రాత్రి పెద్ద డోసు మహిమో, మరొకటో నాకు తెలీదు. తెలుసుకోవలసిన వాళ్ళు ఎవరూ అడగలేదు. ఆ పెద్దాసుపత్రి చీటీ నేను చాలాసార్లు చూశాను. అందులో 'నెలకి ఎన్ని ఫిట్స్' అని ఒక గడి ఉంటుంది. 'ఏ వేళప్పుడు' అని గడి లేదు. ఆ గడి లేకపోవడం మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. కానీ నా కవరు మీద మాత్రం ఏ గడి ఉంది గనక?

పోయినేడు మందుల షాపుల వాళ్ళందరికీ ఒక హోటల్లో క్లాసు పెట్టారు. ఇలాంటి క్లాసులకి నేను భోజనం కోసమే వెళ్తాను. ఆ రోజు ఒక పెద్దాయన మెదడు గురించి మొదలుపెట్టాడు. మెదడుకీ రక్తానికీ మధ్య ఒక గోడ లాంటిది ఉంటుందని, మందుల్ని సులువుగా లోపలికి రానివ్వదని మాకు కాలేజీలోనే చెప్పారు. ఆ గోడ రోజంతా ఒకేలా ఉండదని మాత్రం ఎవరూ చెప్పలేదు. లోపలికి దూరిన మందుని పట్టుకుని తిరిగి రక్తంలోకి తోసేసే పంపుల్లాంటివి ఆ గోడలో ఉంటాయట. ఒంట్లో ఉండే గడియారాన్ని బట్టి అవి కొన్ని వేళల్లో గట్టిగా తోస్తాయట, కొన్ని వేళల్లో మందగిస్తాయట. అదే మందు, అదే మోతాదు, కానీ ఏ వేళప్పుడు వేశామన్న దాన్నిబట్టి తలలో నిలిచేది మారొచ్చట. ఈగల్లో, ఎలుకల్లో చూశారని, మనుషుల్లో ఇంకా తేలవలసింది చాలా ఉందని కూడా ఆయన చెప్పాడు.

నా చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. లోపలిదంత బయటికి నూకుతనే ఉంటరు. ఆ మాట నా గాజు కౌంటర్ దగ్గర, చీపురు పక్కన ఆనించి, ఎన్నేళ్ళ కిందట చెప్పింది!

తెల్లారి ఆమె రోడ్డు ఊడుస్తుంటే ఎదురెళ్ళి చెప్పాను. చీపురు కర్రకి గడ్డం ఆనించి మొత్తం విన్నది.

"గియ్యన్ని చెప్పనీకి హోటల్ల బిర్యానీ పెట్టిన్రా సారూ? నన్ను అడిగితే ఒక చాయ్‌కే చెప్తుంటి గద."

"నవ్వకక్కా. నువ్వు చెప్పిందే ఆయన చెప్పాడు."

"మరి గిప్పుడన్న రాసిస్తరా?"

మర్చిపోలేదన్నమాట. మర్చిపోయిందనుకున్నది నేనే. "రాస్తాను. ఈ ఆదివారం షాపు మూసినప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తాను," అన్నాను. ఆ ఆదివారం అల్లుడొచ్చాడు. పై ఆదివారం స్టాకు లెక్క. ఆ తరవాత ఆమెని చూసినప్పుడల్లా, "గుర్తుందక్కా," అని నేనే ముందుగా అనేవాణ్ణి. ఆమె చెయ్యి ఊపి వెళ్ళిపోయేది. ఏడాది గడిచింది. అఫ్జల్‌గంజ్ హోల్‌సేల్ వాళ్ళకి వారానికి నాలుగు పేజీల ఆర్డరు రాసే ఈ చేతికి మూడు వాక్యాలు రాయడం కుదరలేదు.

కుర్చీ దిగి దణ్ణం పెట్టుకున్నాక, తమ్ముడి పక్కన కూర్చుని అడిగాను. "అక్క పెట్టిన టైమంటే ఏంటి? అది వెనక నడుస్తోంది కదయ్యా."

అతను మోచేతి మీది మచ్చ నిమురుకుంటూ చెప్పాడు. "మీరు రాత్రి ఎనిమిదికి ఇయ్యమన్నరు గద సార్. అక్క మీ మాట తీసెయ్యలే. అజాన్ అయినప్పుడు గడియారంల ఎనిమిది ఉండాలె అనేది. నెలకోసారి నాతోని కుర్చీ పట్టిపిచ్చి ముల్లు తిప్పేది. చలికాలంల ముందలికి తిప్పేది, ఎండకాలంల ఎనకకు తిప్పేది. 'గడియారం సారు గూడ ఖుష్, మనం గూడ ఖుష్' అనేది."

ఇప్పుడు మే నెల. ఇషా అజాన్ ఎనిమిదీ ఇరవైకి, గడియారం ఇరవై నిమిషాలు వెనక. అన్నేళ్ళూ ఆ ఇంట్లో గోలీ సరిగ్గా ఎనిమిదికే పడిందన్నమాట. నేను నవ్వాననుకుంటాను. తరవాత ఏడుపొచ్చింది. అతను లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

"సార్, ఇంక నాకు గోలీ ఎట్ల ఏసుకోవాల్నో మీరే చెప్పాలె," అన్నాడు. "అక్క చెప్పిందా, డాక్టర్ కాయిదం మీద ఉన్నదా? నాకు భయమైతున్నది. కాయిదం ఇడిచిపెడితే డాక్టర్ తిడ్తడు. అక్కది ఇడిచిపెడితే మల్ల పడిపోత."

ఆ పూటే షాపుకి వెళ్ళి రాశాను. ఇంగ్లీషులో, మూడు వాక్యాలు. ఫిట్స్ వేళ, అక్క ఇచ్చిన పద్ధతి, మందు పెంచితే ఏమైందన్నది. కింద నా పేరు, షాపు ముద్ర. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు షాపు మూసి అతని వెంట పెద్దాసుపత్రికి వెళ్ళాను. డాక్టర్ మారింది, ఎవరో చిన్నమ్మాయి. "నెలకి ఎన్ని వస్తున్నాయి?" అని మొదలుపెట్టింది.

"ఎన్ని అని తరవాత అడగండి డాక్టర్‌గారూ. ముందు ఎప్పుడు అని అడగండి," అన్నాను. గొంతు లేచింది. లైన్లో వాళ్ళు తిరిగి చూశారు.

ఆ అమ్మాయి కోప్పడలేదు. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. తమ్ముణ్ణి అడిగింది, రక్తపరీక్ష రాసింది, పాత చీటీలన్నీ తిరగేసింది. చివరికి పొద్దున సగం, రాత్రి ఒకటిన్నర అని తన చేత్తో రాసి, నెలకోసారి వచ్చి చూపించుకోమంది. మందు పెంచమన్న మాట కొట్టేసింది.

"ఇంత వివరంగా గమనించారు, మంచి పని చేశారు," అంది నాతో. "కానీ ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

గమనించింది నేను కాదని చెప్పాను. రెండో ప్రశ్నకి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాను.

నిన్న నా వాచీలో ఎనిమిది కాగానే అతనికి ఫోన్ చేశాను.

"గోలీ వేసుకున్నావా?"

"ఇంక ఎనిమిది కాలే సార్."

"అయిందయ్యా! నా చేతికి వాచీ ఉంది."

"మీ దాంట్ల అయి ఉంటది సార్. అక్క దాంట్ల ఇంక ఇరవై నిమిషాలున్నది."

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. "సరే, వేసుకున్నాక చెప్పు," అని పెట్టేశాను. ఆ ఇరవై నిమిషాలూ నేను ఎవరికి ఏం మందు ఇచ్చానో దేవుడికే తెలియాలి. ఒకాయన చీటీ చేత్తో పట్టుకుని ఎంతసేపటి నుంచో నిలబడి ఉన్నాడు. మసీదు మైకు గరగరమంది, అజాన్ మొదలైంది. అది ముగిసిన కాసేపటికి ఫోన్ మోగింది. "ఏసుకున్న సార్," అన్నాడు తమ్ముడు.

"జర జల్ది ఇయ్యున్రి సార్," అన్నాడు చీటీ ఆయన. "ఎనిమిదిన్నర అయితున్నది."

"లేదండి," అన్నాను. "ఇప్పుడే ఎనిమిదైంది."